చరణం అందించే మనిషి

మా ఆయన నాతో చెప్పకుండా కొన్న వస్తువు అప్పటిదాకా ఒక్కటే, గ్యారేజీలో తుప్పు పడుతున్న మంచు తోసే మిషను. దానికే నేను ఒక చలికాలమంతా సాధించాను. అలాంటి మనిషి మే నెలలో ఒక సాయంత్రం, పెరుగన్నంలో మాగాయ నంజుకుంటూ, "జూన్‌లో స్కాట్లండ్ వెళ్తున్నాం. బుక్ చేసేశాను" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. మా ఇంట్లో అది అరుదైన సంగతి గనుక, కాలేజీ సెలవులకు వచ్చిన మా అమ్మాయి ఫెబీ ఫోన్ పక్కన పెట్టి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఎవరితో అండీ?" అన్నాను చివరికి.

"నీతోనే, ప్రిస్సీ. చిన్న ఓడ, పన్నెండుమంది పడతారు. గైడ్ ఉంటుంది. దీవి దీవికీ ఆపి చూపిస్తారు."

"డాడీ, ఆర్ యూ ఓకే?" అంది ఫెబీ.

అనదా మరి? అమెరికాలో మేముండే అరోరా నుంచి నయాగరా వెళ్దామని నేను పదేళ్లు పోరితే, "నీళ్లు పడ్డం చూడ్డానికి అంత దూరం ఎందుకు" అన్న మనిషాయె. పిల్లికి బిచ్చం పెట్టని చెయ్యి హఠాత్తుగా ఓడకు టికెట్టు కొంటే ఏమనుకోవాలి? ఏ నక్క తోకో తొక్కి వచ్చారనుకున్నాను. ఎందుకని అడిగితే టీవీ వాల్యూమ్ పెంచారు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది మీతో" అని కంచాలు తీశాను. అది నా ఊతపదం. చిన్నప్పుడు గవదబిళ్లలొచ్చి ఆయన ఎడమ చెవి పోయింది. ఉన్న కుడి చెవితోనే ఉద్యోగం, సంసారం, పాట అన్నీ నడిపారు. పెళ్లయిన దగ్గర్నుంచి నేను ఆయనకు కుడి పక్కనే నడుస్తాను, కుడి పక్కనే కూర్చుంటాను, కుడి పక్క నుంచే తిడతాను.

పాట సంగతి చెప్పాలి. ఇక్కడ మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఇరవై ఏళ్లుగా చరణం అందించేది ప్రేమానందమే, అంటే మా ఆయనే. పాటలో తర్వాతి చరణం ఏమిటో ముందుగా ఆయన చెప్తారు, దాన్ని అందుకుని అందరూ పాడతారు. పుస్తకం లేనివాళ్లూ, చదువు రానివాళ్లూ పాడాలని మా కోస్తా ఊళ్లలో పెట్టుకున్న పద్ధతి అది. ఈమధ్య సంఘంలో తెర వచ్చింది. పిల్లల కోసం తెలుగు పాట ఇంగ్లీషు అక్షరాల్లో తెర మీద పడుతుంది. టైప్ చేసేది మా ఫెబీయే. ఇక చరణం అందించేవాడితో పనేముంది? ఆయన వెనక బెంచీకి మారారు, అంతే.

ప్రయాణానికి ముందు శుక్రవారం మా ఇంట్లో ప్రయాణ ప్రార్థన పెట్టుకున్నాం. సంఘ పెద్ద ఏసుపాదం గారు సోఫాలో మా ఆయనకు ఎడమ పక్కన కూర్చున్నారు. ఇల్లంతా మనుషులు. అందరం కళ్లు మూసుకున్నాం. ఏసుపాదం గారు మెల్లగా మొదలుపెట్టారు. ఆయన ప్రార్థనలో ఎవరినీ వదలరు. పేరు పేరునా, అవసరం అవసరాన్నీ ఎత్తి పెడతారు.

"ప్రభువా, ఈ నీ దాసుడూ దాసురాలూ సముద్రం మీద ప్రయాణం కట్టారు. ఓడకు నువ్వే చుక్కానివై ఉండు తండ్రీ."

"ఆమేన్" అన్నారు మా ఆయన.

"అలాగే తండ్రీ, నీ దాసుడి కుడి చెవి నరం మీద లేచిన గడ్డ నీకు మరుగైనది కాదు. ఆగస్టులో ఆపరేషన్ చేయబోయే డాక్టర్ల చేతులకు తోడుండు. ఉన్న ఒక్క చెవీ పోతుందని వాళ్లు చెప్పేశారు ప్రభువా. అయినా నీ చిత్తమే జరగనీ."

"ఆమేన్" అన్నారు మా ఆయన.

నేను కళ్లు తెరిచాను. ఎదురుగా ఫెబీ కూడా కళ్లు తెరిచి నన్నే చూస్తోంది. మెల్లగా ఒక్కొక్కరే తెరుస్తున్నారు. కళ్లు మూసుకుని ఉన్నది ఇద్దరే, ప్రార్థనలో మునిగిపోయిన ఏసుపాదం గారూ, తల వంచుకుని ప్రశాంతంగా ఆమేన్ అంటున్న మా ఆయనా. ఎడమ పక్క నుంచి మెల్లగా వచ్చే గొంతు ఆయనకు గొణుగుడులా తప్ప మాటలుగా వినపడలేదు. గొంతు ఆగినట్టు అనిపించినప్పుడల్లా అలవాటుగా ఆమేన్ అంటున్నారు. తన రహస్యం తన పక్కనే బయటపడుతుంటే, దానికి ఆమేన్ అంటున్నారు.

ప్రార్థన ముగిసింది. అందరం లేచి బిర్యానీ వడ్డించుకున్నాం. అనురాధ వదిన మా ఆయన ప్లేటులో మూడు ముక్కలు వేసి, "ఇంకోటి వేసుకోండి అన్నయ్య గారూ" అంది కళ్లు తుడుచుకుంటూ. మిగతావాళ్లూ తలా ఒకటి వేశారు.

"ఏంటివాళ నన్ను పెళ్లికొడుకుని చూసినట్టు చూస్తున్నారు అందరూ?" అని ఆయన నా చెవిలో గుసగుసలాడారు.

నేను బయటికి వెళ్లి, కారెక్కబోతున్న ఏసుపాదం గారిని పట్టుకున్నాను. ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయారు.

"అమ్మా, నాకు రహస్య మనవి అని చెప్పాడమ్మా. స్కానింగుకి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. ప్రార్థనలోకి దిగాక నా నోటికి బ్రేకులు ఉండవు."

"రహస్యంగానే చెప్పారు లెండి అంకుల్, ఆయనొక్కడికీ వినపడకుండా" అన్నాను. "ఎప్పట్నించి?"

"మార్చి నుంచి. తీసేస్తే వినికిడి ఉండదు, ఉంచితే మెదడు మీదికి పాకుతుందట. తర్వాత ఏదైనా మెషీన్ పెట్టి చూడొచ్చేమో గానీ, గ్యారంటీ ఇవ్వలేమన్నారు. ఇప్పటికే సగం పైగా పోయిందమ్మా." ఆయన కారు తలుపు పట్టుకున్నారు. "ఆ దీవుల్లో ఒక చోట ఇప్పటికీ గుడిలో ఒకడు చరణం అందిస్తే మిగతావాళ్లు అందుకుంటారట. ఫోన్‌లో చూశాడు. మన పద్ధతే అంకుల్, ప్రపంచంలో ఇంకెక్కడో ఉంది అని ఒకటే గొడవ. వినికిడి ఉండగా ఒక్కసారి అక్కడ కూర్చుని వినాలట. ఆపరేషన్ ఆగస్టుకి తోసింది అందుకే."

లోపలికి వచ్చేసరికి ఫెబీ సింకు దగ్గర నిలబడి ఉంది. "మమ్మీ, డాడీకి తెలీదా, మనకి తెలుసు అని?"

"తెలీదు."

"సో, చెప్తామా?"

"ముందు ఓడ ఎక్కనీ" అన్నాను. "తెలిస్తే సిగ్గుపడి ప్రయాణం మానుకునే మనిషి." సంఘం వాట్సాప్ గ్రూపులో ఆ రాత్రి ఒక్క మెసేజ్ లేదు. అంతమంది తెలుగువాళ్లు ఒక మాట కడుపులో దాచుకోవడం నేను అదే మొదటిసారి చూడటం.

ఓబన్ అనే ఊరి రేవులో మా ఓడ కనిపించగానే నేను ఇంకో ఓడ కోసం వెతికాను. ఒకప్పుడు చేపల వేటకు తిరిగిన పడవట అది, దానికే గదులు కట్టారు. మా గది నీటిమట్టానికి కింద, కిటికీ లేదు, ఇంజను గోడకు అవతలే. గైడ్ పేరు మోరాగ్, నా ఈడుదే. ఎర్రటి జుట్టు, గాలి చొరబడని కోటు, అన్నింటికీ ఒకటే నవ్వు. "రేపు వాన. ఎల్లుండి కూడా వాన. మధ్యలో ఎండ వస్తే నాకు థాంక్స్ చెప్పండి" అంది.

మొదటి రోజు మల్ దీవిలో రేవు వెంట ఎరుపూ పసుపూ నీలం రంగుల ఇళ్లు చూశాం. ఆ తర్వాతి రోజు రబ్బరు పడవలో చిన్న దీవికి తీసుకెళ్తే, బుగ్గలకు రంగు పూసుకున్నట్టుండే పఫిన్ పిట్టలు మనుషులంటే భయం లేకుండా మా కాళ్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. ఒకటి మా ఆయన బూటు లేసు లాగి చూసింది. ఆయన నవ్వుతుంటే నాకు ఏడుపొచ్చింది. ఓహాయో నుంచి వచ్చిన ఒకావిడ, "మొదటిసారా చూడటం? నేనూ ఏడ్చాను" అని టిష్యూ ఇచ్చింది. ఏం చెప్పను, తీసుకున్నాను.

స్టాఫా అనే దీవిలో నల్లరాతి స్తంభాల మధ్య పెద్ద గుహ. అలలు లోపలికి దూరి గోడలకు కొట్టుకుంటే ఆ మోత పొట్టలో తెలుస్తుంది. వాళ్ల పాత భాషలో దీన్ని తియ్యగా పాడే గుహ అంటారని మోరాగ్ చెప్పింది. అందరూ వీడియోలు తీస్తున్నారు. ఆయన ఫోన్ తీయలేదు. కుడి చెవి గుహ వైపు తిప్పి, అరచెయ్యి రాతికి ఆనించి నిలబడ్డారు.

"ఏమంటోందండీ?" అన్నాను.

జవాబు లేదు. మళ్లీ అడిగాను. లేదు. "చెవిటివాడి ముందు..." అని మొదలుపెట్టింది నా పాడు నోరు. అక్కడే ఆగిపోయాను. అన్నేళ్లుగా వాడిన మాట నాలుక మీద సూదిలా గుచ్చుకుంది.

కుక్కర్ సంగతి ఆ మర్నాడు. వారం రోజులు అన్నం లేకుండా ఎలా అని, నేను అరోరా నుంచి చిన్న రైస్ కుక్కర్ సూట్‌కేసులో పెట్టుకొచ్చాను. ప్లగ్ ఆకారం వేరని తెలుసు గనుక అడాప్టర్ కూడా కొన్నాను. కరెంటు కూడా వేరని, అమెరికా కుక్కర్‌కి అక్కడి కరెంటు రెట్టింపని నాకెవరు చెప్పారు? మధ్యాహ్నం మిగతావాళ్లంతా పైన, మా ఆయన గదిలో మంచం మీద ఉండగా బియ్యం కడిగి, బటన్ నొక్కాను. టప్ మని పేలింది. కాలిన వాసన, గదిలో చీకటి, చెయ్యి పెడితే చెయ్యి కనపడని చీకటి. ఇంజను మాత్రం గోడ అవతల మోగుతూనే ఉంది.

ఆ చీకట్లో నాకెక్కడిదో తెగింపు వచ్చింది. మొహం కనపడకపోతే అడగడం సులువు కదా. "నాకెందుకు చెప్పలేదండీ?" అన్నాను. "మార్చి నుంచి నా పక్కనే పడుకుని, నాకెందుకు చెప్పలేదు?"

"ప్రిస్సీ? ఏమైనా అన్నావా?" ఆయన గొంతు పక్కనే ఉంది. "లైటు రానీ. వచ్చాక చెప్పు."

మంచం అంచున కూలబడ్డాను. కొన్ని నెలలుగా ఈ మనిషి నా మాటలు వినడం లేదు, చూస్తున్నారు. నా పెదాలు చూసి బతుకుతున్నారు. కూర దగ్గర, కారులో, టీవీ ముందు ఎప్పుడూ మొహం నా వైపే తిప్పుతుంటే, ఈ వయసులో ఏమిటీ మురిపెం అని లోలోపల మురిసిపోయాను కూడా. లైటు వచ్చేసరికి కన్నీళ్లు తుడుచుకుని, "కుక్కర్ పోయిందండీ" అన్నాను.

"పోతే పోయింది, కొత్తది కొనుక్కుందాం" అన్నారు, నా పెదాల మీదినుంచి చూపు తీయకుండా.

శనివారం గాలి లేచింది. ఆదివారం ఉదయానికి హ్యారిస్ దీవికి చేరాలి, ఆయన కోరుకున్న గుడి అక్కడే ఉంది. సముద్రం బాగాలేదనీ, ఇటు ఒడ్డునే ఆగిపోతామనీ కెప్టెన్ చెప్పాడు. మా ఆయన తలూపి, "మంచిదే, సేఫ్టీ ముఖ్యం" అన్నారు. అని, డెక్ మీదికి వెళ్లి రెయిలింగ్ పట్టుకుని ఒంటరిగా నిలబడ్డారు. ఆ వీపు చూశాక నేను ఆగలేకపోయాను. మోరాగ్‌ని వంటగది పక్కకు లాగాను.

ఇంగ్లీషులో చెప్పాను, నా భర్తకు ఆగస్టులో ఆపరేషన్ అనీ, ఆ తర్వాత ఏమీ వినపడదనీ, ఆ పాట వినడానికే వచ్చాడనీ. తెలుగులో నాలో నేను కూడా అనుకోలేని మాట ఇంగ్లీషులో గబగబా వచ్చేసింది. మోరాగ్ మొహంలో నవ్వు పోయింది. అప్పటిదాకా ఆ నవ్వు లేని మొహం నేను చూడలేదు. కెప్టెన్ దగ్గరికి వెళ్లి, కాసేపటికి తిరిగి వచ్చింది. "తెల్లవారకముందు గాలి తగ్గొచ్చు. తగ్గితే బయల్దేరతాడు. మాట ఇవ్వలేనన్నాడు."

తగ్గింది. పూర్తిగా కాదు. ఓడ ఊగిన ఊపుకి ఓహాయో ఆవిడ బకెట్ పట్టుకుని కూర్చుంది. నేను నాకు తెలిసిన ప్రార్థనలన్నీ చేశాను. మా ఆయన మాత్రం సూటు తొడుక్కుని, టై కట్టుకుని, తలుపు పట్టుకుని నిలబడ్డారు.

హ్యారిస్‌లో ఆదివారం ఏదీ కదలదు. దుకాణాల్లేవు, బస్సుల్లేవు, బట్టలారేసిన తీగ కూడా లేదు. గడ్డి గుట్ట మీద తెల్లటి గోడల గుడి. లోపల సిలువ లేదు, పూలు లేవు, పియానో లేదు, తెర లేదు. నల్ల కోట్ల ముసలివాళ్లు, టోపీల ఆడవాళ్లు. అలవాటుగా ఆయన కుడి పక్కకు వెళ్లబోయి ఆగాను. చుట్టూ తిరిగి ఎడమ పక్కన కూర్చున్నాను. కుడి పక్క ఖాళీగా ఉండాలి, పాట అటు నుంచి రావాలి. ఆయన నా వైపు వింతగా చూశారు.

ముందు వరుసలో ఒక ముసలాయన కూర్చునే గొంతెత్తి ఒక చరణం అందించాడు. ఒంటి గొంతు, సన్నగా, తొందరగా. ఆ వెంటనే గుడంతా అందుకుంది. అందరూ ఒకేసారి కాదు. ఒకరు ముందు, ఒకరు వెనక, ఎవరి సాగదీత వాళ్లది, అయినా అన్నీ కలిసి ఒకటే పోటు సముద్రంలా లేచింది. ఒక్క ముక్క అర్థం కాని భాషలో అది అచ్చంగా మా నాయనమ్మ కూర్చున్న గుడి. ఆయన రెండు చేతులూ బెంచీ చెక్కకు నొక్కి పట్టుకుని, కళ్లు మూసుకున్నారు. కన్నీళ్లు టై మీద పడుతున్నాయి. తుడుచుకోలేదు.

బయట ఆ ముసలాయన చెయ్యి కలిపాడు, పేరు మర్డో అన్నాడు. మా ఆయన ఇంగ్లీషులో చెప్పారు, మా దగ్గరా ఇలాగే అందించేవాళ్లమని, అది తన పనని. మర్డో ఆయన మొహం పరీక్షగా చూశాడు. "అయితే మాకొకటి అందించు" అన్నాడు.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. గాలిలో, గొర్రెల మధ్య, తెలుగులో ఒక కీర్తన మొదటి చరణం అందించారు. తెర వచ్చాక ఆ గొంతు నేను వినలేదు. అందించి ఆగారు. అందుకునేవాళ్లు లేరు. వాళ్లకు రాదు కదా. టోపీలు చేతిలో పట్టుకుని మర్యాదగా ఎదురు చూస్తున్నారు. ఆయన మొహంలో సిగ్గు కమ్ముకొస్తోంది.

నా గొంతు సంగతి అరోరాలో అందరికీ తెలుసు. సంఘంలో నేను పెదాలాడించడమే తప్ప పాడను. అయినా అందుకున్నాను. గార్దభ స్వరమే, అయినా చరణం పూర్తిచేశాను. ఆయన నిర్ఘాంతపోయి నన్ను చూశారు. తర్వాతి చరణం అందించారు. అదీ అందుకున్నాను.

ఓడ దగ్గరికి నడుస్తూ రాతిగోడ దగ్గర ఆగిపోయారు. "నా ఎడమ పక్కన కూర్చున్నావు, పాడావు. నీకెప్పుడు తెలిసింది?"

ఆయన ఎదురుగా నిలబడి, మొహం కనపడేలా, మెల్లగా చెప్పాను. "ప్రయాణ ప్రార్థనలో. ఏసుపాదం గారు ప్రభువుకి చెప్పారు. మీ ఎడమ పక్కన కూర్చుని."

"అంటే... అందరికీ?"

"బిర్యానీ తిన్న ప్రతివాళ్లకీ."

ఆయన గోడ మీద కూర్చుండిపోయారు. "అందుకా నాకన్ని ముక్కలు" అన్నారు చివరికి.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే రానిచ్చేదానివా? ఆ మర్నాడే ఆపరేషన్ బల్ల ఎక్కించేదానివి. ఇంకొకటి కూడా ఉంది, ప్రిస్సీ. తెలిస్తే నువ్వు నన్ను తిట్టడం మానేస్తావు. మెల్లగా, జాలిగా మాట్లాడతావు. నాకు వినపడే ఆఖరి మాటలు అలాంటివి కావడం ఇష్టం లేదు."

అప్పుడు తిట్టాను. ఉన్న తిట్లన్నీ తిట్టాను, గోదావరి యాసలో, గట్టిగా, కుడి చెవి పక్కన నిలబడి. ఆ దీవిలో ఆదివారం పూట అంత గట్టిగా నోరెత్తిన మనిషి నేనే అయ్యుంటాను. ఆయన తల వంచుకుని చివరిదాకా విన్నారు.

అరోరా తిరిగొచ్చాక, ఆపరేషన్‌కి ముందు ఆదివారం ఫెబీ తెర ఆపేసింది. "టుడే డాడీ అందిస్తాడు" అని మైకులో తన అమెరికా తెలుగులో చెప్పింది. పిల్లలకు ఎక్కడ ఆగాలో, ఎక్కడ అందుకోవాలో తెలీక పాటంతా గందరగోళమైంది. ఏసుపాదం గారు వెక్కి వెక్కి ఏడ్చారు, ఆయన్ని ఊరుకోబెట్టడానికే సగం సేపు పట్టింది.

ఆగస్టులో గడ్డ తీశారు. డాక్టర్లు ముందే చెప్పింది చెప్పినట్టు జరిగింది. ఇంటికొచ్చాక ఆయన మాట్లాడటం తగ్గించారు. తన గొంతు తనకు వినపడక, అరుస్తున్నారో గొణుగుతున్నారో తెలియక, అసలు మానేశారు. ఆదివారాలు గుడికి రానన్నారు. ఇల్లంతా నిశ్శబ్దం. టీవీ ఆపేసి ఉంటే దాన్ని చూసి నేను ఏడ్చేదాన్ని.

సెప్టెంబరు మొదట్లో ఒక ఆదివారం ఉదయం ఆయన వంటింటి బల్ల దగ్గర ఉత్త చేతులతో కూర్చుని ఉన్నారు. నేను పొయ్యి కట్టేశాను. కుర్చీ లాక్కుని ఎదురుగా, మోకాళ్లు తగిలేలా కూర్చున్నాను. పెదాలు విడివిడిగా కదుపుతూ, హ్యారిస్‌లో ఆయన అందించిన చరణమే అందించాను.

చూశారు. నోరు తెరిచారు, మూశారు. మళ్లీ అందించాను. ఆయన అందుకున్నారు.

శ్రుతి లేదు. జీవితంలో ఒక్కసారి కూడా తప్పని గొంతు, ఒక మాట పైన, ఒక మాట కింద, దారి తెలియక తడుముకుంటోంది. మెట్ల మీద, వారాంతానికి ఇంటికొచ్చిన ఫెబీ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను మొహం చెదరనివ్వలేదు. రెండో చరణం అందించాను, మూడోది అందించాను. అన్నీ అందుకున్నారు.

ఆపి, చొక్కా చేతితో నుదురు తుడుచుకుని అడిగారు. "శ్రుతి కలిసిందా?"

"కలిసిందండీ" అన్నాను.

ఆయన నా పెదాల వైపే చూస్తున్నారు. ఆపరేషన్ తర్వాత మొదటిసారి ఆ మొహంలో నవ్వు వచ్చింది.

"చెవి ఉన్నప్పుడు తెలీలేదు, ప్రిస్సీ. నీకు అబద్ధం చెప్పడం రాదు" అన్నారు. కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నారు. "ఊఁ, తర్వాతి చరణం ఇవ్వు."